కొన్న రేటు మించి టికెట్ తిరిగి అమ్మితే నేరం కావాలా?

గేటు బయట:
ముందు నాకు జరిగింది చెప్త, తర్వాత అసలు ముచ్చట. మొన్నటి ఐపీఎల్ సీజన్ల మా తమ్ముని కొడుకు ఒకటే సతాయించిండు, ఉప్పల్ స్టేడియంల మ్యాచ్ చూడాలె అని. ఆన్‌లైన్ల అమ్మకం మొదలైన పది నిమిషాలకు చూస్తే సీట్లన్నీ బూడిద రంగు, ఒక్కటి మిగల్లేదు. టెలిగ్రామ్ గ్రూపుల ఒకడు తగిలిండు. 1,500 టికెట్ 4,000 అన్నడు. రెండు తీసుకున్న. పైసలు కొట్టంగనే క్యూఆర్ పంపిండు. గేటు కాడ స్కాన్ చేస్తే ఇంతకుముందే వాడిన టికెట్ అని వచ్చింది. అదే క్యూఆర్ ఇంకెంతమందికి అమ్మిండో ఏమో. పోరడు జెర్సీ ఏస్కొని బయట నిలవడి లోపలి అరుపులు విన్నడు. అక్కడున్న పోలీసాయనకు చెప్తే "బ్లాక్‌ల కొన్నది నువ్వే, మళ్ల కంప్లెయింట్ కూడా నువ్వేనా" అన్నడు.

8,000 పోయినయ్. పోతే పోయినయ్. నా మాట ఏందంటే, సినిమా కానీ క్రికెట్ కానీ పాట కచేరీ కానీ, టికెట్ మీద ఉన్న రేటు కంటే రూపాయి ఎక్కువకు తిరిగి అమ్మినా నేరమే అని చట్టం చెయ్యాలె. తప్పైతే తప్పని చెప్పున్రి.

పులసకాలం:
పిల్లాడి సంగతి చదివి బాధేసిందండీ. కానీ మీరు రెండు వేరే వేరే సంగతుల్ని ఒకే గాటన కట్టేశారు. ఒక టికెట్‌ని పదిమందికి అమ్మినోడు మోసగాడు. వాడి కోసం భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షను ఉండనే ఉంది, కొత్త చట్టం అక్కర్లేదు. నిజమైన టికెట్‌ని, ఇష్టపడి కొనేవాడికి, ఎక్కువ రేటుకి అమ్మినోడు ఎవరి కొంప ముంచాడు?

మా రాజమండ్రిలో గోదారికి ఎర్రనీరు తగిలిందంటే పులస కోసం జనం ఎగబడతారు. రేవులో ఒక రేటు, బజార్లో ఇంకో రేటు, హైదరాబాద్ నుంచి కారేసుకొచ్చినాయనకి మరో రేటు. ఎవరూ పోలీసుల్ని పిలవరు.

ప్రభుత్వం రేటు తొక్కిపెడితే ఏమవుద్దో మన కళ్ళతో మనం చూశాం కదా. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రాలో జీవో 35 ఇచ్చారు. పంచాయతీ ఊళ్ళో నాన్ ఏసీ హాల్లో నేల టికెట్ 5 రూపాయలు! టీ కన్నా చవక. ఆ ఏడాది ఆఖరికి మాకు గిట్టదంటూ కొందరు హాళ్ళకి తాళాలేసుకున్నారు. చివరికి 2022 మార్చిలో జీవో 13 ఇచ్చి 20 నుంచి 250 దాకా అని సర్దుకున్నారు. వెయ్యి పలికే వస్తువుకి రెండొందలని రాసిపెడితే ఆ ఎనిమిది వందలు ఎటూ పోవండీ. ఎవడో ఒకడి జేబులో పడతాయి, అంతే.

గేటు బయట:
అన్నా, పులసను వల ఏసినోడు కష్టపడి పడ్తడు. నది ఎదురీది వచ్చిన చేప అది, ఎన్ని పడ్తయో దేవునికే ఎరుక. స్టేడియంల సీట్లు లెక్కబెట్టి కట్టినయ్. ఆ బ్లాకోడు సీటు తయారు చేసిండా, పిచ్ చదును చేసిండా, బంతి ఏసిండా? నాకంటె ముందు క్యూల నిలవడ్డడు. అది కూడా వాడు కాదు, వాని సాఫ్ట్‌వేర్, బాట్ అంటరే, అది నిలవడ్డది.

డబ్లిన్ వాన:
నేనుండేది ఐర్లండ్‌లో కాబట్టి ఇక్కడి అనుభవం చెప్తాను. గేటు బయట గారు అడిగిన చట్టం అచ్చంగా ఇక్కడ ఉంది. 2021లో తెచ్చారు. వెయ్యి మందికి పైగా పట్టే హాళ్ళు, స్టేడియాల్లో జరిగే వాటిని ఆ చట్టం కింద ప్రకటిస్తే, ఆ టికెట్లని అసలు ధరకి మించి అమ్మకూడదు. శిక్ష లక్ష యూరోల జరిమానా దాకా, రెండేళ్ళ జైలు దాకా ఉండొచ్చు. బ్రిటన్‌లో కూడా 2025 నవంబరులో ఇలాంటి నిషేధమే తెస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఫుట్‌బాల్ టికెట్లకైతే అక్కడ 1994 నుంచీ నిషేధం ఉంది. లండన్ ఒలింపిక్స్‌కీ పెట్టారు.

పనిచేసిందా అంటే, చేసింది. పెద్ద పెద్ద రీసేల్ సైట్లలో డబ్లిన్ షోలు పదింతల రేటుకి కనబడడం ఆగింది. రాలేనివాళ్ళు కొన్న ధరకే అదే యాప్‌లో తిరిగి పెడతారు, నేనూ అలా రెండుసార్లు కొన్నాను.

కానీ ఒక పెద్ద కానీ ఉంది. 2024 ఆగస్టు చివర్లో ఒయాసిస్ బ్యాండ్ ఇక్కడి క్రోక్ పార్క్ స్టేడియం కచేరీకి టికెట్లు తెరిచారు. నిలబడి చూసే టికెట్ 86 యూరోల చిల్లర అన్నారు. గంటల తరబడి ఆన్‌లైన్ క్యూలో కూచుని తీరా లోపలికి వెళ్ళిన వాళ్ళకి అదే టికెట్ 415 యూరోల చిల్లర చూపించింది. గిరాకీని బట్టి రేటు పెంచే పద్ధతట. ఇది బ్లాకులో కాదు, అధికారిక అమ్మకంలోనే! అంటే అభిమాని తన టికెట్‌ని ఒక యూరో లాభానికి అమ్మితే నేరం. మొదటి అమ్మకందారు క్యూ మధ్యలో అయిదింతలకి దగ్గరగా పెంచితే వ్యాపారం. మా ఆఫీసులో ఐరిష్ వాళ్ళు వారం రోజులు దీని మీదే తిట్టుకున్నారు.

పులసకాలం:
చూశారా! నేనన్నది అదే. రేటు ఎలాగూ పెరుగుద్ది. ఎవరు పెంచాలన్నదే తగువు.

ఫ్రంట్‌రో దీపు:
రేపటి మ్యాచ్‌కి ఈస్ట్ స్టాండ్ రెండు టికెట్లు ఉన్నాయి, కావాల్సినవాళ్ళు ఇన్‌బాక్స్

నిర్వాహకుడు:
పై వ్యాఖ్యలో ఉన్న ఫోన్ నంబరు తీసేశాం. అందరూ ఏం మాట్లాడుకుంటున్నారో కనీసం ఒక్కసారి పైకి వెళ్ళి చదవండి సార్.

వాయిదా మీద వాయిదా:
వృత్తి న్యాయవాదం, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తే క్షమించండి.

మన దేశంలో ఇలాంటి కార్యక్రమాల టికెట్లు తిరిగి అమ్మడం మీద కేంద్ర చట్టం అంటూ ప్రత్యేకంగా లేదు. 2024 సెప్టెంబరు 22న కోల్డ్‌ప్లే బ్యాండ్ నవీ ముంబై కచేరీ టికెట్లు తెరిచినప్పుడు మనిషికి నాలుగే అని పరిమితి పెట్టారు, ధర 2,500 నుంచి 35,000 దాకా. గంటల్లో విదేశీ రీసేల్ సైట్లలో లక్షల్లో కనబడ్డాయి. మాకూ వాటికీ సంబంధం లేదని అసలు టికెట్లు అమ్మిన బుక్‌మైషో చెప్పింది, పోలీసులకి ఫిర్యాదూ చేసింది. తర్వాత ఈడీ సోదాలు జరిగాయి. నియమాలు పెట్టమంటూ ఒకరు బొంబాయి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తే 2025 జనవరిలో కొట్టేశారు. ఇది విధానపరమైన విషయం, చట్టం చేయాల్సింది మేం కాదు అని.

మరి చెయ్యాల్సింది ఎవరు? రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో క్రీడలు, వినోదాలు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి, 33వ అంశం. అంటే అమరావతిలోనో హైదరాబాద్‌లోనో అసెంబ్లీ తల్చుకుంటే అయ్యే పని. ఢిల్లీ వైపు చూడక్కర్లేదు.

అసలు ఇలాంటి చట్టం మనకి తెలియనిదేం కాదు. రైల్వే చట్టం 1989లో 143వ సెక్షన్ చూడండి. అనుమతి లేకుండా టికెట్లు కొని అమ్మే వ్యాపారం చేస్తే మూడేళ్ళ దాకా జైలు. ఈ-టికెట్లకీ అది వర్తిస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక్కడ గమనించండి, ఆ సెక్షన్ పట్టుకునేది వ్యాపారాన్ని, పక్కింటివాడికి ఒక్కసారి సాయం చేసినవాణ్ణి కాదు. నేను ముసాయిదా రాస్తే అక్కడే గీత గీస్తాను. రూపాయి ఎక్కువైతే నేరం అని రాస్తే రేపు మీ తమ్ముడి కొడుకే ఇంటర్ చదువుతూ ఒక టికెట్ యాభై రూపాయల లాభానికి అమ్మి స్టేషన్లో కూచుంటాడు.

గేటు బయట గారూ, ఇంకోమాట. డబ్బు పోయిన గంటలోనే 1930కి ఫోన్ చేసి ఉండాల్సింది. సైబర్ మోసాల నంబరు అది. వెంటనే చెబితే ఆ ఖాతాలో డబ్బు ఆపే అవకాశం ఉంటుంది. బ్లాకులో కొన్నారన్న మాట పట్టుకుని మిమ్మల్ని వెనక్కి పంపడం కుదరదు, మోసపోయినవాడు మోసపోయినవాడే.

బ్యారికేడ్:
ఇంత సేపటి నుంచి బయటి బ్లాక్ గురించే మాట్లాడుతున్నారు. నేను ఆరేళ్ళు ఈవెంట్ల పని చేశాను. గేట్లు, పాసులు, రిస్ట్‌బ్యాండ్లు నా డ్యూటీ. లోపలి సంగతి చెప్తా, కంపెనీల పేర్లు అడగొద్దు.

ఒక షోకి సీటింగ్ ప్లాన్ గీసిన రోజే కొన్ని బ్లాకుల మీద గీతలు పడతాయి. స్పాన్సర్‌కి ఇన్ని, ఆర్టిస్ట్ మనుషులకి ఇన్ని, ఫలానా బ్యాంక్ కార్డు వాళ్ళకి ముందస్తు అమ్మకంలో ఇన్ని, గ్రౌండ్ ఓనర్‌కి ఇన్ని. ఆ తర్వాత అనుమతులు. సంతకం పెట్టే ప్రతి టేబుల్ మీదా ఒక కవరు పెట్టాలి, అందులో నోట్లు కాదు, పాసులు. లోకల్ లీడర్ ఇంటికి ఒక కట్ట. ఇవన్నీ పోయాక మిగిలింది "పబ్లిక్". మేం చేసిన ఓ షోలో మూడో వంతు సీట్లు అసలు యాప్ మొహమే చూడలేదు. అయినా యాప్‌లో మాత్రం "త్వరపడండి, కొన్నే మిగిలాయి" అని ఎర్ర అక్షరాలు తిరుగుతూనే ఉన్నాయి. కొన్నే అన్నది నిజమే, ముందునుంచీ కొన్నే!

ఆ కవర్లలో పాసులు అందుకున్న పెద్దమనుషులు షోకి వస్తారా? రారు. డ్రైవర్‌కో, పీఏకో, బామ్మర్దికో ఇస్తారు. సాయంత్రానికి అవి గేటు దగ్గరికి వస్తాయి. పాసు మీద పేరుండదు, ధర ఉండదు, యాప్‌లో రికార్డు ఉండదు. బాట్ కన్నా బామ్మర్ది డేంజర్ అని మాలో ఒక జోకు.

2025 మార్చి ఆఖర్లో సన్‌రైజర్స్‌కీ హైదరాబాద్ క్రికెట్ సంఘానికీ ఫ్రీ పాసుల గొడవ పేపర్లలో చదివారు కదా. అప్పుడు బయటపడ్డ లెక్క ప్రకారమే ఉప్పల్లో పదో వంతు, అంటే 3,900 టికెట్లు, కాంప్లిమెంటరీ కింద సంఘానికి పోతాయి. ఇంకా కావాలని ఒత్తిడి చేస్తున్నారని ఫ్రాంచైజీ ఆరోపణ. విచారణ మొదలై జూలైలో సీఐడీ అరెస్టుల దాకా వెళ్ళింది.

ఇప్పుడు మీరు తెచ్చే చట్టం "టికెట్ ధర మించి అమ్మరాదు" అంటుంది. కాంప్లిమెంటరీ పాసు ధర ఎంత? సున్నా. సున్నాకి మించి అమ్మాడని కేసు పెడతారా? ముందు ఆ పాసు ఎవరి పేరు మీద బయటికొచ్చిందో రాసిపెట్టిన కాగితం ఉండాలి కదా.

గేటు బయట:
ఇది కొత్త ముచ్చట. 2022 సెప్టెంబర్ల జింఖానా గ్రౌండ్ కాడ నేను కూడా ఉన్న. ఆస్ట్రేలియా టీ20కి కౌంటర్ల టికెట్లు ఇస్తమంటే తెల్లారకముందే వేలమంది వచ్చిన్రు. తొక్కిసలాట అయ్యి మనుషులు కింద పడ్డరు, దెబ్బలు తాకినయ్. ఆ రోజు అందరం ఒకటే అడిగినం: మొత్తం ఎన్ని, ఆన్‌లైన్ల ఎన్ని, కౌంటర్ల ఎన్ని? అక్కడ నిలబడ్డ మాకు ఎవ్వడు చెప్పలే.

అలిపిరి మెట్టు:
మీ మాటలన్నీ వింటా ఉంటే మా తిరపతి గుర్తొస్తా ఉంది. మీరు కోరుకునే ఏర్పాట్లన్నీ కొండ మీద ఎప్పట్నించో ఉన్నాయి. 300 రూపాయల దర్శనం టికెట్ ఆధార్ మీదే, పేరు మారదు, క్యూలో చూపించాల్సిందే. ఆర్జిత సేవలకి డిప్, అంటే లాటరీ మాదిరి. ఎవరు ముందు నొక్కినారు అనేది లెక్క లేదు, పేరిచ్చి గోవిందా అనుకుని కూచోవాల. బాట్‌లు వచ్చి ఏం చేస్తాయి? నా లెక్కలో పెద్ద కచేరీలకి కూడా ఇదే న్యాయం. పది గంటలకి నొక్కే పోటీ పెట్టి, ఫాస్ట్ నెట్ ఉండేవాడికి టికెట్టు, పల్లెలో ఉండేవాడికి "సారీ" అనడం ఏం పద్ధతి?

అయినా కొండ మీద దళారులు లేకుండా పోయినారా అంటే, లేరని ఎవరం చెప్పలేం. ఎక్కడ దొరకతా ఉండారో చూడండి. ప్రజాప్రతినిధుల సిఫార్సు లేఖల మీద ఇచ్చే 500 రూపాయల బ్రేక్ దర్శనం దగ్గర. లేఖ అమ్మినారనీ, నకిలీ లేఖ పెట్టినారనీ కేసులు చదవతానే ఉంటాం. డిప్‌లో వచ్చిన సుప్రభాతం టికెట్టు బ్లాకులో అమ్మేది కష్టం, లేఖ అమ్మేది సులువు. బ్యారికేడ్ అన్న చెప్పిందీ నేను చెప్పేదీ ఒకటే కథ.

పులసకాలం:
అమ్మా, దేవుడి దర్శనానికి ఆధార్ ఇస్తాం, రైలుకి ఇస్తాం. 2025 జూలై నుంచి ఆన్‌లైన్లో తత్కాల్ తీసుకోవాలంటే ఆధార్ ధ్రువీకరణ పెట్టారు, మొదటి అరగంట ఏజెంట్లని ఆపారు, సరే. కానీ పాటల కచేరీకి కూడానా? ఆ యాప్ వాడు నా ఆధార్ ఏం చేసుకుంటాడో ఎవరికి తెలుసు.

పైగా పేరు మారదంటే ఇంకో తలనొప్పి. ఆర్నెల్ల ముందు టికెట్ కొంటాం. ఆ రోజుకి ఇంట్లో జ్వరమొస్తే? రిఫండు లేదు, మార్పిడి లేదు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. డబ్బు గోదాట్లో పోసినట్టే. రైల్వే కూడా ఇరవై నాలుగు గంటల ముందు దరఖాస్తు పెడితే ఇంట్లో వాళ్ళ పేరుకి మార్చనిస్తుంది. జొమాటో వాళ్ళు 2024లో కొన్న టికెట్‌ని యాప్‌లోనే తిరిగి అమ్ముకునే వీలు పెడితే, దానికీ గరిష్ఠ ధర పెడితే, "ఇదిగో అధికారిక బ్లాక్" అని ఎగతాళి చేశారు జనం. నాకైతే అదే నయం అనిపించింది. పాత క్యూఆర్ రద్దయి కొత్తది పుడుతుంది. గేటు బయట గారు అలాంటి చోట కొనుంటే పిల్లాడు మ్యాచ్ చూసేవాడు.

డబ్లిన్ వాన:
ఈ ఒక్క మాటకి పులసకాలం గారికి నా ఓటు. రీసేల్ ఉండాలి, కానీ అమ్మిన యాప్‌లోనే, కొన్న ధరకే. ఆస్ట్రేలియాలో విక్టోరియా లాంటి చోట్ల పెద్ద ఈవెంట్లకి పది శాతం దాకా ఎక్కువ తీసుకోవచ్చని పెట్టారు. ఖర్చులకి ఆ మాత్రం చాలు.

చిల్లర లెక్క:
కొన్న ధర, కొన్న ధర అంటున్నారు. కొన్న ధర అంటే ఏది? నేను అకౌంట్స్ మనిషిని, నాకు ఇక్కడే నిద్ర పట్టదు.

ఐపీఎల్ టికెట్ అసలు ధర 1,000 అనుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ 40 శాతం, అంతకుముందు 28. కాబట్టి 1,400. ఆ పైన కన్వీనియన్స్ ఫీజు, దాని మీద మళ్ళీ 18 శాతం. చేతికొచ్చేసరికి 1,450 అవుతుందో 1,500 అవుతుందో యాప్ దయ. టికెట్ మీద 1,400 అని ఉంటే నేను ఇచ్చింది 1,500. నేను 1,500కి అమ్మితే లాభమా, నేరమా?

ఈ ఫీజు కథ వేరే ఉంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2013, 14లో సినిమా టికెట్ల మీద ఈ ఫీజు తీసుకోవద్దని ఉత్తర్వులిస్తే, 2025 జూలైలో బొంబాయి హైకోర్టు వాటిని కొట్టేసింది, వ్యాపార స్వేచ్ఛకి అడ్డమని. సరే, తీసుకోనివ్వండి. కానీ మొదటి తెరమీదే మొత్తం చూపించాలి కదా. అమెరికాలో 2025 మే 12 నుంచి ఈవెంట్ టికెట్లకి ఆ నియమం వచ్చింది. మొదట చూపించే ధరలో తప్పనిసరి ఫీజులన్నీ కలిసి ఉండాలి. మనకీ 2023 నవంబరు నాటి డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలున్నాయి, కొనేవాణ్ణి తెరమీద బురిడీ కొట్టించే పదమూడు రకాల పద్ధతులు వద్దని. చివరి తెరమీద ఫీజు తగిలించడం, బ్యారికేడ్ గారు చెప్పిన ఎర్ర అక్షరాల తొందర, అడక్కుండా బుట్టలో విరాళం పడేయడం, అన్నీ ఆ పదమూడు రకాల్లో ఉన్నాయి. రాసుంది. అంతవరకే.

వాయిదా మీద వాయిదా:
వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యండి. చెల్లించింది అయిదు లక్షల లోపైతే ఫీజే లేదు. వంద రూపాయల ఫీజు కోసం ఎవరు వేస్తారంటారా, అందుకేగా యాప్ వాళ్ళ ధీమా.

బ్యారికేడ్ గారి మాట దగ్గరికి వస్తాను. నా అభిప్రాయం మారింది, ఒప్పుకుంటాను. ఉదయం వ్యాపారపు రీసేల్‌ని నేరం చేస్తే చాలనుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, లైసెన్సు ఇచ్చేటప్పుడే ఒక షరతు ముందు రావాలి. మొత్తం సీట్లెన్ని, పాసులు ఎవరికి ఎన్ని, కార్డు వాళ్ళకి ఎన్ని, జనానికి ఎన్ని అన్నది అమ్మకానికి మూడు రోజుల ముందు ప్రకటించాలి. ప్రతి పాసు మీదా పేరు. దానికి చట్ట సవరణ కూడా అక్కర్లేదు, పోలీసు అనుమతి కాగితంలో ఒక వాక్యం చాలు.

పులసకాలం:
ఆ కాగితం మీద సంతకం పెట్టే టేబుల్ మీదే కదండీ కవరు పెట్టేది?

బ్యారికేడ్:
హహ. అన్నగారు పాయింట్ పట్టారు.

అలిపిరి మెట్టు:
నవ్వుతా ఉండారు గానీ, బయటికి చెప్పాల్సి వస్తే కొంచెం సిగ్గుపడతారు. బ్రేక్ దర్శనాల సంఖ్య పేపర్లో వేసిన రోజు ఎంత రచ్చ అవుతుందో మా ఊరోళ్ళకి తెలుసు.

గేటు బయట:
నేను నా మాట పూర్తిగ వాపస్ తీసుకుంట లేను. వంద టికెట్లు పెట్టుకొని కూసున్నోణ్ణి లోపలెయ్యాలె. వకీల్ సాబ్ గీసిన గీత మాత్రం ఒప్పుకుంట, ఒక్క టికెట్ అమ్ముకున్న పోరగాన్ని వదిలెయ్యున్రి. కానీ మొదట లెక్క చెప్పాలె. మొత్తం ఎన్ని, నా వంతుకు ఎన్ని. అది తెల్సుంటే నేను పది నిమిషాలల్ల బూడిద రంగు చూసి పరేషాన్ అయ్యి టెలిగ్రామ్‌కు పోయేటోన్ని కాదు, ఇంట్ల టీవీ పెట్టుకునేటోన్ని.

1930కి ఇయ్యాల చేసిన. లేట్ అయింది, అయినా రాసుకున్నరు, నంబర్ ఇచ్చిన్రు. పైసలు వస్తయన్న ఆశ లేదు.

ఫ్రంట్‌రో దీపు:
అన్నా నావి ఒరిజినలే, యాప్‌లోనే ట్రాన్స్‌ఫర్ చేస్తా, కొన్న రేటుకే ఇస్తా. నాకు నైట్ షిఫ్ట్ పడింది. పిల్లాడికి అడుగు.

నిర్వాహకుడు:
నియమం ప్రకారం ఇదీ తీసెయ్యాలి. అరగంట ఆగి తీసేస్తాను.

గేటు బయట:
దీపు తమ్మీ, ఇన్‌బాక్స్ చూడు. ఫీజుతోని కలిపి ఎంతైందో బిల్లు ఫోటో పెట్టు, చిల్లర లెక్క సారు చూస్తరు.

చిల్లర లెక్క:
పెట్టమనండి, చూస్తాను.